చీకట్లో పోయిన 23 నిమిషాలు: ఒక ఊరి పాంటో కేస్ స్టడీ

పాంటోమైమ్ అనగానే మనవాళ్లకి మూకాభినయం గుర్తొస్తుంది. మొహానికి తెల్లరంగు పూసుకుని, నోరు మెదపకుండా, లేని గోడని తడుముకునే మనిషి. ఇంగ్లండులో శీతాకాలం ఆడే పాంటో దానికి సరిగ్గా ఎదురు. ఇంతకన్నా గోలగా ఉండే నాటకం నేనెక్కడా చూడలేదు. విలన్ రాగానే హాలంతా ‘బూ’ అని ఊళ పెడుతుంది. దెయ్యం వెనక నిలబడితే పిల్లలు కుర్చీలెక్కి ‘హీజ్ బిహైండ్ యూ!’ అని గొంతు చించుకుంటారు. కథ అందరికీ తెలిసిన జానపద కథే. అందులో ఆవు ఉంటే, ఆ ఆవులో ఇద్దరు మనుషులుంటారు.

ఒకప్పుడు ఇది చాలావరకు మాటల్లేని ఆటే. 1737 నాటి చట్టం మాటల నాటకాన్ని రాజు పత్రం ఉన్న థియేటర్లకే కట్టిపెట్టింది. మిగతావాళ్లు పాటలతో, గెంతులతో నెట్టుకొచ్చారు. 1843లో ఆ కట్టు తెగాక మాటలూ శ్లేషలూ వరదలా వచ్చిపడ్డాయి. మా కష్టం కూడా ఆ మాటల దగ్గరే ఉందని మొదట అనుకున్నాం. ఈ కేసు రాస్తున్నది అందుకే.

నేపథ్యం

నేనొక చిన్న ఊరి ఔత్సాహిక నాటక బృందానికి స్టేజ్ మేనేజర్ని. పగలు చేసే ఉద్యోగం వేరు. ఊరి పేరు, ఏడాది చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. హాల్లో 160 కుర్చీలు. స్టేజీ పైన కప్పు అందేంత ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పెద్ద థియేటర్లలోలాగా తెరని నిలువుగా పైకి లాగి దాచే వీల్లేదు. గురువారం నుంచి శనివారం దాకా మూడు రాత్రులు, శనివారం మధ్యాహ్నం ఒకటి, మొత్తం నాలుగు ఆటలు. డిసెంబరంతా పెద్ద కంపెనీల పాంటోలు నడుస్తాయి. మాబోటివాళ్లం జనవరిలో వేసుకుంటాం. ఈ నాలుగు ఆటల టికెట్ డబ్బుతోనే మిగతా ఏడాది హాలు అద్దె కట్టేదీ, ఎవరూ చూడని మంచి నాటకాలు రెండు వేసేదీ.

కథ జాక్, చిక్కుడు తీగ. జాక్ ఆవునిచ్చి చిక్కుడు గింజలు తెస్తాడు, అవి మొలిచి ఆకాశాన్నంటుతాయి, పైన రాక్షసుడుంటాడు. హక్కులు కట్టి కొన్న స్క్రిప్టు, 78 పేజీలు. మేం ఆడటానికి మొదట పెట్టుకున్నవి 14 రంగాలు. వేషాలు వేసేవాళ్లు 34 మంది, వాళ్లలో పిల్లలు ఎక్కువ. దర్శకురాలు అంతకుముందు మాకు మూడు గంభీరమైన నాటకాలు చేసిపెట్టిన మనిషి, బాగా చేసింది కూడా. పాంటో మాత్రం ఆవిడకి మొదటిసారి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

సమస్య

మొదటి ఆటకి 18 రోజుల ముందు, ఆదివారం సాయంత్రం, మొదటిసారి ఆపకుండా మొత్తం నడిపాం. వేషగాళ్ల ఇళ్లలోని చిన్నపిల్లలే ప్రేక్షకులు. ఏడున్నరకి మొదలైంది, చివరి దండం అయ్యేసరికి పది నలభై. మధ్యలో 20 నిమిషాల విరామం కలిపి మూడు గంటల పది నిమిషాలు. నాలుగో వరసలో ఓ నాలుగేళ్ల పిల్ల రెండో సగం మొదలైన పావుగంటకే అమ్మ కోటు కప్పుకుని నిద్రపోయింది. రాక్షసుడు గర్జించినా లేవలేదు.

కుటుంబాల కోసం వేసే ఆట రెండుంపావు, మహా అయితే రెండున్నర గంటలు దాటకూడదు. టికెట్ల మీద ఏడున్నర అని అచ్చయిపోయింది కాబట్టి ముందే మొదలెట్టడం కుదరదు. ఎక్కడో నలభై నిమిషాలు తగ్గాలి.

మొదట చేసినవి, చెడినవి

దర్శకురాలు, కమిటీలో ఇద్దరు ఆ రాత్రే కూర్చుని ఆరు పేజీలు కొట్టేశారు. నాటకం పొడుగైతే మాటలు తగ్గించాలి, ఎవరికైనా మొదట తట్టేది అదే. నాకూ అదే తట్టింది, అడ్డు చెప్పలేదు. మరుసటి ఆదివారం మళ్లీ నడిపితే తగ్గింది అయిదు నిమిషాలు. కొండని తవ్వి ఎలకని పట్టాం.

ఆ ఎలక కూడా ఊరికే దొరకలేదు. మూడో పల్లెటూరి మనిషి వేషం వేసే పెద్దావిడకి మొత్తం ఉన్నవే రెండు డైలాగులు. అందులో ఒకటి పోయింది. ఆవిడ అక్టోబరు నుంచి ప్రతి మంగళవారం చలిలో నడిచొచ్చింది ఆ రెండింటి కోసం, ఇంటిల్లిపాదికీ కలిపి 11 టికెట్లు కొంది. రాజీనామా ఈమెయిల్ పంపింది. జీతాలిచ్చి ఆడించే కంపెనీలో కోత కోతే. మా దగ్గర కొట్టేసిన వాక్యం ఎవరిదో చూసి గానీ కలం పెట్టకూడదని అప్పుడు తెలిసింది. ఆవిడని నేను వెళ్లి బతిమాలి తీసుకొచ్చాను, తిరిగి ఇస్తానని మాటిచ్చి. ఎలా ఇస్తానో అప్పటికి నాకే తెలీదు.

రెండో మందు, అందరూ వేగంగా మాట్లాడటం. ఆటకి ఎనిమిది రోజుల ముందు, బుధవారం, ఊళ్లోని కబ్ స్కౌట్ పిల్లల్ని పిలిచి వాళ్ల ముందు నడిపాం. ఇంకో నాలుగు నిమిషాలు తగ్గాయి, ఆట మాత్రం చచ్చిపోయింది. పాంటోలో సగం డైలాగులు ప్రేక్షకులవే. విలన్ ‘నేను అందగాణ్ణి’ అంటాడు, పిల్లలు ‘ఓ నో యూ ఆర్ంట్!’ అనాలి. ఆ అరుపుకి మూడు అంకెలు లెక్కపెట్టేంత జాగా వదలాలి. మనవాడు వేగం మీదున్నాడు, వదల్లేదు. పిల్లలు ఒకసారి అరిచి చూశారు, వాళ్ల అరుపు మీదే వాడు తర్వాతి డైలాగు చెప్పేశాడు. రెండోసారి సగం మందే అరిచారు. మూడోసారి ఎవరూ అరవలేదు. ముప్ఫైమంది కబ్ స్కౌట్లు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చోవడం అంత భయంకరమైన దృశ్యం ఇంకోటి నేను చూడలేదు.

అదే రోజు తెరవెనక మనుషుల్ని ఆరుగురి నుంచి పదిమందికి పెంచాం, రంగాలు త్వరగా మారతాయని. మా సైడ్ వింగ్, అంటే స్టేజీ పక్కన జనానికి కనపడని సందు, వెడల్పు మనిషి చేయి చాచినంత. చీకట్లో ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. చిక్కుడు తీగ మోసే కుర్రాడి బొటనవేలి గోరు ఊడింది. ఒక్క సెకను తగ్గలేదు.

గడియారం పట్టుకుని

ఆ బుధవారం నేను చేసిన మంచిపని ఒక్కటే. ఆటని చూడటం మానేసి గడియారాన్ని చూశాను. ఫోన్లో స్టాప్‌వాచ్, ఒళ్లో ప్రాంప్టు పుస్తకం (స్టేజ్ మేనేజర్ దగ్గరుండే స్క్రిప్టు), పెన్సిలు. మాటలు నడుస్తుంటే ఒక గడి, పాటకి ఒక గడి, దీపాలు ఆరి జనం ఎదురుచూస్తుంటే ఒక గడి. ఎవరు బాగా చేశారో, ఎవరు తప్పారో ఒక్క ముక్క రాయలేదు.

ఆ రోజు మొత్తం 181 నిమిషాలు. విరామం తీసేస్తే 161. వాటిలో మాటలు 85, పదకొండు పాటలు 38, డేమ్ (మగవాడు వేసే హాస్యపు ఆడవేషం) వేషగాడి సొంత కల్పన 9, పిల్లల బృందం స్టేజీ ఎక్కి దిగడానికి 6. మిగిలిన 23 నిమిషాలూ చీకటి. విరామం కాకుండా 12 సార్లు రంగం మారింది. పదకొండు సార్లు సగటున నిమిషం ముప్పావు పట్టింది, చిక్కుడు తీగ మొలిచేదానికి మాత్రం మూడు నిమిషాల నలభై సెకన్లు.

చీకట్లో నిమిషం ముప్పావు ఎంతసేపో కాగితం మీద తెలీదు. మీరే ఓసారి దీపం ఆర్పేసి కూర్చుని చూడండి. పిల్లలకైతే ఆట అయిపోయినట్టే. పక్కవాణ్ణి గిల్లుతారు, బాత్రూం అంటారు. దీపాలు వెలిగాక వాళ్లని మళ్లీ కథలోకి లాగడానికి ఇంకో నిమిషం. ఆ నిమిషం నా కాగితంలో ఎక్కడా లేదు, హాల్లో ఉంది. నాలుగో వరస పిల్లని నిద్రపుచ్చింది మాటలు కావు, ఈ చీకట్లే.

ఇంత చీకటి ఎక్కడిది? అసలు స్క్రిప్టు అట్టపెట్టెలోంచి తీసి, మేం ఆడుతున్నదానితో పక్కపక్కన పెట్టుకుని రాత్రి రెండింటిదాకా చూశాను. పాంటో రాసేవాళ్లకి ఒక పాత లెక్క ఉంది. ఒక రంగం స్టేజీ నిండా సామానుతో, తర్వాతిది తెర ముందు ఇద్దరు ముగ్గురితో. మళ్లీ నిండుది, మళ్లీ తెర ముందుది. తెర ముందు వాళ్లు కబుర్లు చెప్తుంటే వెనక ఇల్లు పోయి అడవి వస్తుంది. మా దర్శకురాలు సెప్టెంబరులోనే అలాంటివి నాలుగు తీసేసింది, కథ ముందుకు నడవట్లేదని. హక్కుదారులకి రాసి అనుమతి కూడా తెచ్చుకుంది. గంభీరమైన నాటకంలో ఆ తీర్పు ముమ్మాటికీ ఒప్పు. ఇక్కడ మాత్రం ఆవిడ గోడ అనుకుని కొట్టేసింది స్తంభాన్ని.

నాకు సిగ్గేసిన సంగతి ఇంకోటుంది. ఈ కిటుకు నేను చిన్నప్పుడే చూశాను. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తూ నడుస్తూ ఉండగా కేతిగాడూ బంగారక్కా దూరి పోట్లాడుకునేవాళ్లు. ఊరికే నవ్వించడానికే అనుకునేవాణ్ణి. తెర వెనక రావణుడి తలలు సర్దుకునేవాళ్లకి ఆ పోట్లాట ఎంత అక్కరకొచ్చేదో ఇప్పుడు తెలుస్తోంది.

ఏం చేయాలి

గురువారం రాత్రి కమిటీ. ఆటకి సరిగ్గా వారం. ఒకాయన అన్ని రంగాలూ ఒకే సెట్ ముందు ఆడేద్దామన్నాడు. చవకైన దారే. కానీ రంగులేసే ముగ్గురు పెద్దవాళ్లు వేసవి చివరి నుంచి ఆ రాక్షసుడి వంటగది గీస్తున్నారు. ఒక డైలాగు తీసేస్తేనే రాజీనామా వచ్చిందే, వంటగది తీసేస్తే? ఇంకొకరు పాటల్ని సగం తీసేద్దామన్నారు. పాట పూర్తిగా తీస్తే దానికోసం నేర్చుకున్న పిల్లలు ఏడుస్తారు. అందుకని పాటలన్నీ ఉంచి, రెండో చరణాలూ మళ్లీ మళ్లీ వచ్చే పల్లవులూ తీశాం. సంగీతం చూసేవాడు మూతి ముడుచుకున్నాడు, ఒప్పుకున్నాడు.

తెర ముందు రంగాల మాట వచ్చేసరికి దర్శకురాలు కాస్త మొండికేసింది. ‘పొడుగైపోయిందని ఏడుస్తుంటే మీరింకా రంగాలు కలపమంటారేంటి?’ అంది. అడగాల్సిన ప్రశ్నే. నా లెక్కలో నాలుగూ తిరిగి పెట్టనక్కర్లేదు. ఇప్పుడు స్టేజీ నిండా ఆడుతున్న ముక్కల్లో జాక్ ఒంటరి పాట, విలన్ పన్నాగం, డేమ్ బట్టలుతికే కబుర్లు తెర ముందుకి జరిపితే చాలు. అవి ఎలాగూ ఆడుతున్నవే, వాటి వల్ల ఒక్క నిమిషం పెరగదు. తిరిగి పెట్టాల్సింది ఒకటే, బల్ల మీద ముగ్గురు కూర్చుంటే వెనక దెయ్యం వచ్చి ఒక్కొక్కణ్ణీ తరిమే రంగం. మూడు నిమిషాలు. అది లేని పాంటో పోపు లేని పప్పు. అసలు స్క్రిప్టులోదే కాబట్టి కొత్తగా అనుమతీ అక్కర్లేదు.

విరామం దగ్గర వాదన ఎక్కువసేపు సాగింది. మేం సంత రంగం కాగానే విరామం ఇస్తున్నాం, మొదటి సగం గంట లోపే అయ్యేట్టు. తీగ మొలిచేది విరామం తర్వాత. విరామాన్ని ఒక రంగం తర్వాతకి జరిపి, తీగ మొలిచి జాక్ ఎక్కుతుండగా తెర వేస్తే మూడు నిమిషాల నలభై సెకన్ల చీకటి విరామంలో కలిసిపోతుంది. కానీ మొదటి సగం 70 నిమిషాలవుతుంది, చిన్నపిల్లలు ఉగ్గబట్టుకోవాలి. నేను రెండోదానికే మొగ్గాను. పైన ఏముందో చూడకుండా ఐస్‌క్రీమ్‌కి వెళ్లిన పిల్ల తిరిగి కూర్చోకుండా ఉండదు. ఆవును అమ్మేశారని తెలుసుకుని వెళ్లిన పిల్ల ఇంటికెళ్దామంటుంది. జరపడానికి హక్కుదారులకి ఈమెయిల్ పెట్టాం, మర్నాడే సరేనన్నారు.

తెర

తెర ముందు ఆడాలంటే ముందు తెర ఉండాలి. స్టేజీ అంచు నుంచి నాలుగడుగుల లోపల వేలాడాలి, పైకి పోవడానికి చోటు లేదు. నాకు మళ్లీ హైదరాబాదులో చూసిన సురభివాళ్లే గుర్తొచ్చారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన ఆ కుటుంబాలు రంగుల తెరల్ని చుట్టి పైకి లేపి, దింపి, కన్నుమూసి తెరిచేలోగా అంతఃపురాన్ని అడవి చేసేవి. ఇక్కడి పాత హాళ్లలోనూ అలాంటి చుట్టు తెరలే ఉండేవి. తెర అడుగున పొడుగాటి గొట్టం. గొట్టం రెండు కొసలకీ తాళ్లు చుట్టి ఉంటాయి. తాడు లాగితే అది విడిపోతూ గొట్టాన్ని తిప్పుతుంది, తెర కింద నుంచి చుట్టుకుంటూ పైకి వెళ్తుంది.

శనివారం మురుగు నీళ్ల ప్లాస్టిక్ గొట్టంతో చేశాం. ఆదివారం రిహార్సల్లో గొట్టం నడుము దగ్గర వంగింది. తెర మధ్యలో ముడతలు పడి, ఒకవైపు మోకాలి ఎత్తులో, ఇంకోవైపు భుజం ఎత్తులో నిలబడిపోయింది. దర్శకురాలు ఏమీ అనలేదు, అంటే బాగుండేది. సోమవారం తివాచీల దుకాణంలో పారేసే దళసరి అట్ట గొట్టాలు రెండు అడిగి తెచ్చి, లోపల కొయ్య దూర్చి అతికించాం. అది వంగలేదు. రెండు తాళ్లనీ కప్పీల మీదుగా ఒకే వైపుకి తెచ్చి ఒకే మనిషి చేతిలో పెట్టాం. ఇద్దరు లాగితే ఎప్పుడూ సమానంగా రాదు. గుడ్డకి నిప్పంటుకోని మందు కొట్టి ఆరబెట్టడానికే ఒక రాత్రి పోయింది, అది మానే ప్రశ్నే లేదు.

ఆ మనిషిని ఏ వింగ్‌లో నిలబెట్టాలన్నదీ చిన్న సంగతి కాదు. పాంటోలో విలన్ ఎప్పుడూ స్టేజీకి ఎడమ నుంచి, మంచి దేవత కుడి నుంచి రావాలి. ఆచారం. తాళ్లు ఎడమకి తెస్తే విలన్‌కి దారి లేదు, కుడికి తెస్తే దేవత రెక్కలు చిక్కుకుంటాయి. విలన్ అంగీ కంటే రెక్కలు విప్పి కట్టడం తేలిక కాబట్టి కుడికే తెచ్చాం. దేవత పక్కవాటుగా నడిచొచ్చి, వెలుగులోకి వచ్చాక రెక్కలు విప్పుకునేది.

డేమ్

మన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేస్తే అది మగవాడని ప్రేక్షకుడు మర్చిపోవాలి. డేమ్ దానికి తలకిందులు. పెద్ద పెద్ద లావు గౌను, బుగ్గల మీద ఎర్ర గుండ్రాలు, కింద మగగొంతు. ఒక్క క్షణం కూడా మగవాడని మరిపించకూడదు. మా డేమ్ ఇరవై ఏళ్లుగా ఊరి ముద్దుబిడ్డ. స్క్రిప్టులో లేని తొమ్మిది నిమిషాలు ఆయనవే.

ఆయనకి చెప్పడానికి అందరూ నన్నే తోశారు. ‘జనం నవ్వుతున్నారు కదా?’ అన్నాడు. నవ్వుతున్నారు. నా కాగితంలో నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో కూడా గుర్తు పెట్టుకున్నాను. ప్రతి రంగంలో మొదటి రెండు చతుర్లకి హాలు నవ్వింది. మూడోదాన్నుంచి నవ్వింది వింగ్‌లో నిలబడ్డ మనవాళ్లే. రిహార్సల్లో వినపడే నవ్వు సగం స్నేహితులది. కాగితం చాలాసేపు చూశాడు. ‘రంగానికి రెండు,’ అన్నాడు. ‘ఏ రెండో నేనే తేల్చుకుంటా.’ అంతకంటే ఏం కావాలి. తొమ్మిది మూడయ్యాయి.

పిల్లల బృందం పక్క గది నుంచి వరసలో వచ్చి నిలబడేదాకా మేం పాట ఆపి ఉంచేవాళ్లం. ఒక్కో పెద్దమనిషి చూసుకోగలిగేది పన్నెండు మంది పిల్లల్నే, అది నిబంధన, వాళ్లని తరమలేం. తరమకుండా పాట ముందే మొదలుపెట్టి, ప్రేక్షకుల మధ్య దారిలోంచి నడిపించుకొచ్చాం. తమ పిల్లలు భుజం పక్కనుంచి వెళ్తుంటే అమ్మమ్మలు పడ్డ సంబరం లెక్కలో రాలేదు.

ఆటలు

గురువారం 151 నిమిషాలు. రెండు గంటల ముప్ఫై ఒకటి. చీకటి నాలుగు నిమిషాలకి దిగింది. మాటలు మళ్లీ 94, అంటే మొదటి రోజు ఎన్నున్నాయో అన్నీ వెనక్కి వచ్చాయి. పెద్దావిడ రెండో డైలాగుతో సహా. పైగా ఒక రంగం ఎక్కువ. అనుకున్నదానికి ఒక్క నిమిషం ఎక్కువే అయింది, నేను ఒప్పుకుంటాను. చివరి దండాలకే అయిదు నిమిషాలు పోతోంది. పాంటోలో ఆఖరి రెండు పద్యపాదాలు మొదటి ఆటదాకా ఎవరూ పైకి చదవరు, అపశకునం. అందుకని దండాల వరస కూడా ఎవరూ సరిగ్గా సాధన చేయరు. వచ్చే ఏడాది ఆ పాదాలు వదిలేసి నడక మాత్రం సాధన చేయించాలి.

శనివారం మధ్యాహ్నం ఆ నాలుగేళ్ల పిల్ల మళ్లీ నాలుగో వరసలోనే కూర్చుంది. దెయ్యం వెళ్లిపోయాక, విలన్ నెమ్మదిగా పన్నాగం చెప్తుండగా, కుర్చీలో లేచి నిలబడి ‘బిహైండ్ యూ!’ అని అరిచింది. విలన్ ఆగి, వెనక్కి తిరిగి చూసి, మూడు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మొదలెట్టాడు.

ఆ రాత్రి ఆఖరి ఆటలో చుట్టు తెర నేలకి అడుగు పైన ఆగిపోయింది. తాడు దేవత రెక్కకి తగులుకుంది. తెర ముందు డేమ్ బట్టలుతుకుతున్నాడు. తెర కింద నుంచి ఆవు నాలుగు కాళ్లు, ముందు రెండు ఒకవైపుకి, వెనక రెండు ఇంకోవైపుకి, నింపాదిగా నడిచి వెళ్తున్నాయి. డేమ్ సబ్బు దింపి, వంగి, ఆ కాళ్లని చివరిదాకా చూశాడు. అప్పటికి ఆయన రెండు చతుర్లూ అయిపోయాయి. మూడోది వేశాడు. హాలు నలభై సెకన్లు ఆగకుండా నవ్వింది. కాగితంలో ఆ నలభై రాసి, కారణం గడిలో ‘ఆవు’ అని పెట్టాను.